యూరియా బస్తా బదులు అర లీటరు సీసా సరిపోతుందా?

మానుకోట రైతు
అందరికీ నమస్తే. మా దగ్గర రెండు బస్తాల యూరియా కావాలంటే ఒక నానో యూరియా (అతి చిన్న కణాలుగా చేసి నీళ్లలో కలిపి కొట్టే ద్రవ యూరియా) సీసా కూడా తీసుకోవాల్సిందే అంటున్నారు. తప్పక తీసుకున్నాను. యాసంగి వరి, నాలుగెకరాలు, మొత్తం కౌలే. దుక్కిలో డీఏపీ వేశాను, నాటు పడి మూడు వారాలు దాటింది. ఎకరాకు ఒక సీసా, లీటరు నీళ్లకు 2 నుంచి 4 మిల్లీలీటర్లు అని రాసి ఉంది. పైపాటు (నాటిన తర్వాత పైన చల్లే) యూరియా మానేసి ఇదే కొట్టమని సీసా ఇచ్చినాయన సలహా. వాడినవాళ్లు చెప్పండి, బస్తా మానేయొచ్చా?

గోదారి గట్టు
కొట్టాను. పచ్చబడింది. అదే వారం బస్తా కూడా చల్లాను కాబట్టి ఎవరి పుణ్యమో చెప్పలేను.

పసుపు కొమ్ము
మా నిజామాబాద్ వైపు కొందరికి బాగుంది, కొందరికి దండగ.

లెక్కల మాస్టారు
ఇందులో అభిప్రాయాలకు చోటు లేదు, లెక్క చాలు. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన నానో యూరియాలో నత్రజని 4 శాతం. సీసా 500 మిల్లీలీటర్లు. అంటే 20 గ్రాములు. యూరియా బస్తా 45 కిలోలు, నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. గ్రాములెక్కడ, కిలోలెక్కడ? వెయ్యి రెట్లు తేడా. 20 గ్రాముల నత్రజని కావాలంటే మామూలు యూరియా 43 గ్రాములు చాలు. బస్తా 266 రూపాయల 50 పైసలు కాబట్టి ఆ 43 గ్రాముల ఖరీదు పావలా. సీసా 225 రూపాయలు.

ఎకరాకు 30 బస్తాల వడ్లు (75 కిలోల బస్తా) పండితే ఒక్క గింజలోకే సుమారు పాతిక కిలోల నత్రజని వెళ్తుంది, గడ్డిలోది వేరే. 20 గ్రాములతో అది ఎలా వస్తుందో ఎవరైనా చూపించండి, నేను ఇంకో మాట మాట్లాడను.

నానోగింజ
మాస్టారూ, నమస్కారం. నేను వ్యవసాయ కళాశాలలో నానో పదార్థాల మీదే పరిశోధన చేస్తున్నాను. మీ లెక్క తప్పని అనను, కానీ సగమే చెప్పారు. వరి పొలంలో చల్లిన యూరియాలో మూడో వంతు మొక్కకు అందితే గొప్ప. మిగతాది అమ్మోనియాగా గాల్లోకి, నైట్రేట్‌గా కిందకి పోతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది, అది వాతావరణాన్ని వేడెక్కించే వాయువు. ఆకు మీద కొట్టినప్పుడు ఈ నష్టాలు బాగా తగ్గుతాయి. ఇంకోటి, నానో యూరియాను ఎవరూ ఒంటరిగా వాడమనలేదు. మొదటి దఫా మామూలు యూరియా యథాతథంగా వేసి, పైపాటు బదులు పిలకల దశలో ఒకసారి, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు ఇంకోసారి కొట్టమన్నారు. 11 వేల రైతు పొలాల్లో, 94 పంటల మీద చూస్తే సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని ఇఫ్కో చెబుతోంది.

లెక్కల మాస్టారు
> ఆకు మీద కొట్టినప్పుడు ఈ నష్టాలు బాగా తగ్గుతాయి

బస్తాలో మూడో వంతే అందిందనుకుందాం. 7 కిలోలు. మీ సీసాలోది నూటికి నూరు పాళ్లూ అందిందనుకుందాం. 20 గ్రాములు. ఇప్పుడు చెప్పండి.

గోదారి గట్టు
మాస్టారు దొరికారంటే వదలరు.

నానోగింజ
మొక్క అంటే గోదాము కాదు, ఎంత పోశామో అంతే ఉంటుందనడానికి. చిన్న కణాలు ఆకులోకి వెళ్లాక ఎంజైములను చురుకు చేస్తాయని, వేళ్లు పెరిగి నేలలో ఉన్న నత్రజనినే మొక్క ఎక్కువ తీసుకుంటుందని ఒక వాదన ఉంది. పైగా మీరు పట్టుకున్న 4 శాతం పాత రకం. 2024లో ప్రభుత్వం నోటిఫై చేసిన నానో యూరియా ప్లస్‌లో 20 శాతం నత్రజని ఉంది.

లెక్కల మాస్టారు
20 శాతం అంటే సీసాకు 100 గ్రాములు. మామూలు యూరియాలో చెప్పాలంటే 217 గ్రాములు, రూపాయి పావలా ఖరీదు. సంతోషం.

మా నాన్నగారి కాలం నుంచీ రైతులు 2 శాతం యూరియా పిచికారీ చేస్తున్నారు. లీటరుకు 20 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 4 కిలోల యూరియా కలిపితే ఆకు మీదికి 1,840 గ్రాముల నత్రజని పోయినట్టు. ఖర్చు 24 రూపాయలు. మీ ఆకు మహిమ అంతా దానికీ ఉంది కదా? మరి సీసా ఎందుకు?

ఆ వాదన ఉంది, ఈ వాదన ఉంది అంటారు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఫ్రాంక్, హుస్టెడ్ 2023లో 'ప్లాంట్ అండ్ సాయిల్' పత్రికలో ఈ వాదనలకు శాస్త్రీయ ఆధారం కనబడలేదని మొహం మీదే రాశారు.

మిరపతోట
సందులో సందు. యూరియా నీళ్లలో వేస్తే కరిగిపోతుంది కదా, మరి నానో కణం నీళ్లలో కణంగానే ఎలా ఉంటుంది? ఎవరైనా తెలుగులో చెప్పండి.

తెనాలి షాపు
పది రోజులుగా చదువుతున్నా, ఇక ఆగలేను. అందరూ డీలర్లు అంటగడుతున్నారు అంటారు. నాకు ఎవరు అంటగట్టారో ఎవరూ అడగరు. లోడు యూరియా రావాలంటే ఇన్ని పెట్టెల నానో, ఇన్ని పెట్టెల బయో మందులు ఎత్తాలి. ఎత్తకపోతే లోడు పక్క షాపుకు పోతుంది. నానో ఎత్తాను, గోదాములో పేరుకుపోయింది, డేటు దగ్గర పడుతోంది. అంటగడితే రైతు తిడతాడు, అంటగట్టకపోతే నా డబ్బు పోతుంది. కేంద్ర వ్యవసాయ మంత్రి 2025 జూలైలో ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు, ఎరువులతో పాటు నానో బలవంతంగా అమ్మకూడదని. మంచిదే. ఆ లేఖ నా మీద పనిచేస్తుంది, నాకు పైనుంచి పంపేవాళ్ల మీద పనిచేయదు.

మానుకోట రైతు
షాపన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆఖరికి ఆ 225 నా జేబులోంచే పోయాయి.

నానోగింజ
అంటగట్టడం తప్పే, దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ అమ్మే పద్ధతి చెడ్డదైతే సైన్సు కూడా చెడ్డదని తేల్చేయడం ఏమిటి? ఇక్కడ నానో అంటే యూరియా ఒక్కటే అనుకుంటున్నారు. మన తిరుపతిలోనే జరిగిన పని చెబుతా. 2012లో ప్రసాద్ బృందం వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్ ఫలితాలు ప్రచురించింది. కె-134 రకం, 25 నానోమీటర్ల కణాలు. 1,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి) దగ్గర మొలక, వేరు, మొక్క ఏపు అన్నీ బాగున్నాయి. పొలంలో పిచికారీ చేస్తే, కీలేటెడ్ జింక్ (మొక్కకు సులువుగా అందేలా చేసిన జింకు) కంటే 15 రెట్లు తక్కువ మోతాదుతోనే కాయ దిగుబడి 29.5 శాతం, రెండో పంటకాలంలో 26.3 శాతం ఎక్కువ వచ్చింది. దీన్ని కూడా పావలా లెక్కలో వేస్తారా?

లెక్కల మాస్టారు
ప్రశ్న యూరియా గురించి. మీరు జింకులోకి దూరారు.

నానోగింజ
దూరలేదు, రెండింటికీ తేడా ఉందనే చెబుతున్నాను. వరికి నేలలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయమంటారు. పంట తీసుకునేది మాత్రం గ్రాముల్లోనే. సున్నపు నేలల్లో, చౌడు నేలల్లో మిగతాదంతా మట్టి పట్టేసుకుంటుంది. అవసరమే గ్రాముల్లో ఉన్నచోట గ్రాములతో పని జరుగుతుంది. నానో అసలు బలం సూక్ష్మ పోషకాల్లో ఉంది.

లెక్కల మాస్టారు
అంటే నత్రజని దగ్గర అవసరం కిలోల్లో ఉంటుంది కాబట్టి పని జరగదని మీరే అంటున్నారు.

నానోగింజ
నేను అలా అనలేదు.

గోదారి గట్టు
😀

డల్లాస్ బుల్లోడు
ఈ నానో పదార్థాలు గింజలోకి వెళ్తే మనిషికి ఏమవుతుందో ఎవరూ అడగరేం? ఇక్కడ అమెరికాలోనే, కాలిఫోర్నియాలో సోయా మీద చేసిన పరిశోధన 2012లోనే వచ్చింది. నేలలో నానో జింక్ ఆక్సైడ్ కలిపితే జింకు ఆకుల్లో, కాయల్లో ఎక్కువగా చేరింది. నానో సీరియం ఆక్సైడ్ అయితే మొక్క ఎదుగుదలనే తగ్గించింది, ఎక్కువ మోతాదులో వేరు బొడిపెల్లో నత్రజని స్థిరీకరణ దాదాపు ఆగిపోయింది. ఊళ్లో అమ్మానాన్న తినేది ఆ బియ్యమే కదా, నాకు టెన్షన్‌గా ఉంది.

నానోగింజ
సీరియం ఆక్సైడ్‌ను ఎరువుగా ఎవరూ అమ్మడం లేదు సార్, అది డీజిల్‌లో కలిపే రకం పదార్థం. యూరియా కణం మొక్కలోకి వెళ్తే యూరియాగానే ఖర్చయిపోతుంది, లోహ కణాల మాట వేరు. మోతాదు గురించి మాత్రం మీ భయంలో అర్థం ఉంది. ఆ తిరుపతి పనిలోనే 2,000 పీపీఎం దగ్గర వేరుశనగ దెబ్బతింది. వెయ్యి మంచి చేస్తే రెండు వేలు చెడ్డ చేసింది. అందుకే 2020లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నానో ఎరువుల పరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

మానుకోట రైతు
సార్, రెండు మూతలు ఎక్కువ పోస్తే చెడ్డ చేసే మందుకు మా దగ్గర కొలత సీసా మూతే. ఇది మీ మార్గదర్శకాల్లో ఉందా?

నిర్వాహకులు
చర్చ బాగుంది. ఒకరి చదువును, ఇంకొకరి వయసును ఎత్తిపొడవకుండా కొనసాగించండి. రెండు పోస్టులు తీసేశాం.

లెక్కల మాస్టారు
తీసేసిన వాటిలో నాది ఒకటి. అందులో ఉన్న తిట్టు పోయినా లెక్క పోకూడదు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్లు వరి, గోధుమ మీద పొలంలోనే పరీక్ష చేసింది. నత్రజని సగం తగ్గించి నానో యూరియా రెండుసార్లు కొట్టారు. పూర్తి మోతాదు మామూలు యూరియాతో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం తగ్గాయి. వరి గింజలో నత్రజని 17 శాతం పడిపోయింది. గింజలో నత్రజని అంటే మాంసకృత్తులే.

నానోగింజ
ఆ ప్రయోగంలో సగం నత్రజని కోశారు. దిగుబడి తగ్గింది కోత వల్లే కావచ్చు, నానో వల్ల కాకపోవచ్చు.

లెక్కల మాస్టారు
బాబూ, మా బాధ అదే! సగం కోసి సీసా కొట్టమనే కదా అమ్ముతున్నది? సీసా ఆ సగాన్ని పూడ్చలేదనే కదా లుధియానా చెప్పింది?

మానుకోట రైతు
ఇక నా పొలం సంగతి వినండి. పోయిన వానాకాలం యూరియా ఎలా దొరికిందో ఇక్కడ తెలంగాణవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆగస్టులో లైన్లో చెప్పులు పెట్టి చెట్టు కింద కూర్చున్నాం. నేను పొలంలో ఉంటే మా ఇంటావిడ నిలబడింది. పాసుబుక్కు యజమాని పేరున ఉంది, ఆయన హైదరాబాద్‌లో. బతిమాలితే ఒక బస్తా, ఒక సీసా ఇచ్చారు. రెండెకరాల్లో బస్తా చల్లాను, రెండెకరాల్లో సీసా కొట్టాను. సీసా కొట్టిన వైపు పదిహేను రోజులకే కింది ఆకులు పసుపెక్కాయి. పిలకలు తక్కువ. కోస్తే ఎకరాకు ఆరు బస్తాలు తగ్గాయి. కౌలు మాత్రం తగ్గలేదు.

నానోగింజ
అన్నా, జరిగిన నష్టానికి బాధగానే ఉంది. కానీ రుజువుగా తీసుకోలేం. ఆ సీజన్‌లో అక్టోబరు చివర మొంథా తుఫాను మీ వైపు ఎంత వాన కుమ్మరించిందో తెలుసు కదా. పడిపోయిన పొలంలో ఆరు బస్తాల తేడా నానో వల్లే వచ్చిందని ఎలా అంటారు? ఒకే పొలంలో అయినా మడికీ మడికీ నీరు తేడా, మట్టి తేడా.

మానుకోట రైతు
తుఫాను రెండు వైపులా పడలేదా? సీసా కొట్టిన మడి చూసి మరీ వచ్చిందా? ఆకులు పసుపెక్కింది ఆగస్టులో సార్, తుఫాను వచ్చింది అక్టోబరులో. మీరు ల్యాబులో కూర్చుని నా పొలానికి సాకులు వెతుకుతున్నారు. కంపెనీ పైసలు ఎంత ముట్టాయో చెప్పండి.

నానోగింజ
ఒక్క రూపాయి కూడా లేదు. నాకు వచ్చే స్టైపెండ్ మూడు నెలలకోసారి వస్తే అదే పండగ. మా నాన్న కూడా అనంతపురంలో వేరుశనగ రైతే. వర్షం లేక ఎండిన చేను చూసి పెరిగినవాణ్ణి, కొద్దిపాటి మందుతో కొద్దిపాటి నీటితో పంట తీయవచ్చని నమ్మి ఈ పనిలోకి వచ్చాను. ప్రతివాడూ కంపెనీ మనిషి అంటే ఇక మాట్లాడటం దండగ.

అసలు నిజం ఎవరూ ఒప్పుకోరు. మన దగ్గర వరికి యూరియా ఎక్కువ అవుతోంది. చవకగా దొరుకుతుందని ఎకరాకు మూడు బస్తాలు కుమ్మరించి, ఏపుగా పెరిగి దోమ వస్తే దానికి మళ్లీ మందు కొడుతున్నాం. యూరియా తగ్గాలి. సీసాతోనో, ఆకు పచ్చదనాన్ని పోల్చి యూరియా ఎప్పుడు వేయాలో చెప్పే ఆకు రంగు పట్టికతోనో, ఎలాగోలా తగ్గాలి.

మానుకోట రైతు
ఇప్పుడు అసలు మాట వచ్చింది. తగ్గాలి. సరే, ఎవరిది తగ్గాలి?

2018లో 50 కిలోల బస్తా 45 కిలోలయింది. తర్వాత గంధకం పూసిన యూరియా గోల్డ్ అన్నారు, 40 కిలోలు, ధర అదే 266.50. ఇప్పుడు అర లీటరు. ప్రతిసారీ వాడకం తగ్గుతుంది, భూమికి మంచిది అన్నారు. మంచిదే కావచ్చు. కానీ తగ్గించడం ప్రతిసారీ లైన్ చివర్లో నిలబడ్డవాడితోనే మొదలవుతుంది. పాసుబుక్కు ఉన్నవాడు, పలుకుబడి ఉన్నవాడు ట్రాక్టర్‌లో బస్తాలు తీసుకుపోతాడు. సీసా నాకు. పంట తగ్గితే తుఫాను వల్ల, పెరిగితే నానో వల్ల.

తెనాలి షాపు
ఇదొక్కటి కరెక్టుగా చెప్పావు తమ్ముడూ. బస్తాలు తగ్గించాలని పైన నిర్ణయం అయిపోయింది, సీసా దాని ముసుగు. రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ ఆగితే ఇక్కడ సీసా అమ్మకం లేస్తుంది. అంతే మాకు తెలిసిన శాస్త్రం.

లెక్కల మాస్టారు
నేనూ యూరియా తగ్గించాలనే అంటాను. మా తణుకులో నా మూడెకరాలకు ఆకు రంగు పట్టిక చూసే వేస్తాను, నా పైపాటు ఎప్పుడూ బస్తా దాటదు. కానీ తగ్గించడం వేరు, 20 గ్రాములు పెట్టి తగ్గించలేదని నమ్మించడం వేరు.

నానోగింజ
మాస్టారూ, మీది సొంత పొలం, కాలువ నీరు. మీరు తగ్గించగలరు. ఆ అన్నకు కుదురుతుందా అనేది నేనూ ఆలోచించాల్సిందే. సరే, నా ప్రతిపాదన. ఈ యాసంగిలో ఒక మడిని మూడు పట్టీలు చేద్దాం. ఒకదాంట్లో బస్తా, ఒకదాంట్లో మాస్టారి 2 శాతం యూరియా, ఒకదాంట్లో సీసా. పక్కన ఏమీ వేయని చిన్న పట్టీ. నీరు, కలుపు, మందు అన్నీ ఒకేలా. కోత రోజు నేనే వచ్చి తూకం వేస్తాను. ఒక్క మడితో పేపరు రాయలేం, కనీసం మూడు నాలుగు చోట్ల కావాలి. ఇక్కడివాళ్లు ముందుకొస్తారా?

పసుపు కొమ్ము
నేను ఇస్తా, పది గుంటలు.

గోదారి గట్టు
మాదీ రాసుకోండి. 2 శాతం యూరియా ఎండలో కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం కొట్టాలి, అది కూడా రాసుకోండి.

మానుకోట రైతు
సీసా పట్టీలో వడ్లు తగ్గితే ఆ తేడా ఎవరిస్తారు?

నానోగింజ
అన్నా, మా దగ్గర అలాంటి బడ్జెట్ ఉండదు.

మానుకోట రైతు
అయితే మీ కాలేజీ పొలంలో వేయండి సార్. నాకిచ్చిన సీసా పోస్టులో పంపిస్తా, దాని 225 కూడా అడగను. నేను రేపు పొద్దున 2 శాతం కొడతాను, మాస్టారూ 4 కిలోలకు 200 లీటర్లు అన్నారు కదా, మా తైవాన్ స్ప్రేయర్ ట్యాంకు 20 లీటర్లు, ట్యాంకుకు 400 గ్రాములేనా?

లెక్కల మాస్టారు
అవును, 400. పొద్దున కాదు, సాయంత్రం. ముందు బకెట్‌లో బాగా కరగనిచ్చి గుడ్డలో వడగట్టి పోయండి, లేకపోతే నాజిల్ పట్టేస్తుంది. ఇది పైపాటుకు తోడే గానీ దానికి బదులు కాదు, దొరికిన బస్తాను మాత్రం మానకండి.

నానోగింజ
గోదారి గట్టు గారూ, పసుపు కొమ్ము గారూ, పొలం వివరాలు మెసేజ్‌లో పంపండి. మాస్టారూ, మీ మూడెకరాల్లో ఒక పట్టీ అడిగితే కోప్పడతారా?

లెక్కల మాస్టారు
ఇస్తాను. సీసా మాత్రం నేను కొనను.

తెనాలి షాపు
నేను పంపిస్తా మాస్టారూ, ఎన్ని కావాలి?